ముందు తాను దగ్గిన డాక్టరు

నందిగామ నుంచి వచ్చిన ఆ పశువుల డాక్టరు పేరు మర్చిపోయాను, ఆయన అలవాటు మాత్రం మర్చిపోలేదు. జబ్బు చేసిన జంతువును ముట్టుకునే ముందు, అది మేసే తొట్టిలో తల పెట్టి ఊపిరి పీల్చేవారు.

పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే మా గుర్రం ఆగకుండా దగ్గుతోంది. సిమెంటు ఫ్యాక్టరీల జగ్గయ్యపేట కదా మాది, అందరూ సిమెంటు దుమ్మన్నారు. ఇక అమ్మేయడమేనని నాన్న దిగులుపడ్డారు.

డాక్టరు తొట్టిలో తల పెట్టి, దగ్గుతూ లేచారు.

"ఈ ఎండుగడ్డి ఎక్కడ దులుపుతారండి?"

"దాని ముందేనండి. దుమ్ము తినకూడదని రోజూ నేనే దులిపి పెడతా," అన్నారు నాన్న.

"తినట్లేదండి, పీలుస్తోంది. ఇకనుంచి తడిపి పెట్టండి."

నెల తర్వాత మళ్లీ వచ్చి, తొట్టిలో చాలాసేపు తల ఉంచారు. దగ్గు రాలేదు. ఆయన జుట్టుకంటిన తడి గడ్డిపోచను గుర్రం తీరిగ్గా లాక్కుని నమిలింది.