అరచేతి చెమటను దాచిన ఏళ్లు

నాకు పద్నాలుగేళ్లప్పుడు చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పాస్టరు అయ్యగారు నా అరచేతిలో పెట్టిన రొట్టె ముక్క నోటిదాకా వెళ్లేలోపే తడిసి మెత్తబడింది. డిసెంబరు నెల, ఎండ కూడా లేదు. పక్కనున్న నానమ్మ నా వేళ్లు మూసేసింది. "నలుగురిలో చేతులు తుడుచుకోకు. మనం ఎవరమో మరిచిపోకు," అంది. అప్పటికే తాతగారి బంగళా పోయింది. లాలాగూడలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాం.

ఆనాటి నుంచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడటం అలవాటు చేసుకున్నాను. ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర అందరూ చేతులు కలుపుతారు. నేను తల ఊపి వెళ్లిపోయేవాణ్ని. పొగరనుకున్నారు. అనుకోనిచ్చాను. రోగి అనిపించుకోవడం కన్నా అది నయమనిపించింది.

నేను ఒక స్కూలు ఆఫీసులో గుమాస్తాను. సునీల అక్కడే టీచరు, మా చర్చి సంఘమే. పెద్దలు మా పెళ్లి మాట మొదలుపెట్టారు. ఆ తర్వాతి ఆదివారం చర్చి గుమ్మం దగ్గర సునీల వాళ్ల నాన్నగారు నవ్వుతూ చేయి చాచారు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నా చేతులు వెనకే ఉండిపోయాయి. ఆయన తన చేతిని ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నారు.

"మా నాన్న చేతికి గ్రీజు అంటి ఉంటుందనా?" మర్నాడు సునీల అడిగింది.

నేను చేతులు బల్ల కిందికి లాక్కుని రిజిస్టరులోకి తల దించుకున్నాను. సంబంధం అక్కడితో ఆగిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు రిజిస్టరులో సిరా అలుక్కుపోయింది. "ఏంది సార్, పేజీ గిట్ల తడిసింది? వానల కూసొని రాసిన్రా?" అని అటెండర్ యాదగిరి నవ్వాడు. నా చేయి చూసి నవ్వు ఆపేశాడు. "ఇంత తక్లీఫ్ పెట్టుకొని చెప్పకపోతిరి. జెర డాక్టర్‌కు చూపించుకోండ్రి సార్."

థైరాయిడ్, షుగర్ పరీక్షలు నార్మల్. "ప్రైమరీ హైపర్‌హైడ్రోసిస్. అంటే వేరే రోగమేదీ లేకుండానే అతిగా చెమట పట్టడం. ఇన్నేళ్లు ఎందుకు ఊరుకున్నారు?" అన్నారు డాక్టరమ్మ. లోషన్‌తో చర్మం మండింది. నీళ్లలో చేతులుంచి కరెంటు పెట్టే అయాంటోఫొరెసిస్ కొన్నాళ్లే పనిచేసింది. చివరికి చెమట పట్టించే నరాలను మందుతో కొంతకాలం మొద్దుబార్చే నర్వ్ బ్లాక్ అన్నారు.

స్కాన్‌లో చూస్తూ మెడలో కుడివైపు ఇంజెక్షన్ ఇచ్చారు. "మాట్లాడకండి, మింగకండి. కాసేపు రెప్ప వాలుతుంది, గొంతు బొంగురుపోతుంది. భయపడొద్దు. ఇది శాశ్వతం కాదు, గుర్తుంచుకోండి." అరగంటలో కుడి అరచేయి వెచ్చబడి ఆరిపోయింది. దాన్ని చెంపకు ఆనించుకున్నాను. ఎవరిదో చేయిలా ఉంది.

ఆ వారమే అల్వాల్‌లో సునీల ఇంటికి వెళ్లి, అంతా చెప్పాను. వాళ్ల నాన్నగారిని కలవాలన్నాను.

"నాన్న పోయి రెండేళ్లయిందండీ," అంది. టీ పెట్టడానికి లేస్తూ, "మీ మాట వచ్చినప్పుడల్లా 'నేనేం చేశానమ్మా ఆయనకి?' అనేవారు. ఒక్క ముక్క చెప్పుంటే ఆ తడి చేతినే పట్టుకునేవారు."

ఆమె టీ ఇచ్చింది. తాగి వచ్చేశాను.

కొన్ని వారాలకే చెమట తిరిగి వచ్చింది. కుడిచేతికి రెండో బ్లాక్ ఎక్కువకాలం నిలిచింది, మరో రోజు ఎడమచేతికి ఇచ్చింది అంతగా పనిచేయలేదు. మళ్లీ వెళ్లాలి.

ఈ జబ్బున్నవారికి నా సలహా ఒక్కటే. చికిత్స కుదిరేదాకా ఆగకండి. ఎవరైనా చేయి చాస్తే, "నా చేతులకు చెమట పడుతుందండీ, ఏమీ అనుకోకండి" అని అక్కడే, అప్పుడే చెప్పి చేయి కలపండి.