అబద్ధాలు వద్దన్న మనిషి

మా ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా పోతే కొన్నాళ్లకు ఆదరణ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన అయ్యాక తెలిసినవాళ్లు ఒక్కొక్కరే లేచి పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. తర్వాత భోజనాలు. ఆ నాలుగు మంచి మాటల దగ్గరే మా జేజినాయనకు తిక్క రేగేది.

జేజినాయన అంటే మా నాయనకు నాయన. జమ్మలమడుగులో బడి అయ్యవారుగా చేశాడు, సంఘపెద్దగా ముసలివాడయ్యాడు. ఉద్యోగం అయిపోయాక బెత్తం అటకెక్కింది గానీ నోరు మాత్రం ఎక్కలేదు. అయినా నాకు ఆయనంటే ప్రాణం.

ఒకసారి ప్రొద్దుటూరులో మా దూరపు బంధువు ఒకాయన పోయాడు. పెళ్లినాడు తప్ప గుడి గడప తొక్కిన మనిషి కాడు. ఆయన కూడికలో ఎవరో లేచి, “మన సంఘానికి మూలస్తంభం కూలిపోయింది” అన్నారు. వెనక వరసలోంచి జేజినాయన గొంతు ఖంగుమంది.

“ఏ స్తంభం అప్పా? ఇన్నేండ్లుగా ఈ గుడికి వచ్చి పోతాండా, ఆ స్తంభం నాకు యాడా కనపళ్లేదే!”

పాస్టరుగారు పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. చనిపోయినాయన ఇంటివాళ్లు మాత్రం నవ్వలేదు. భోజనాల్లో మా వరసకు మాంసం కూర రానే లేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

తిరిగొచ్చే బస్సులో జేజినాయన మా నాయన దగ్గర మాట తీసుకున్నాడు.

“రేయ్, నేను పోయినాక నన్ను దేవదూతను చేసినారంటే ఊరుకునేది లేదు. నేను ఎట్లాంటోడినో అట్లే చెప్పాల. ఒక్క అబద్ధం కూడా వద్దు.”

“సరే నాయనా, మెల్లగా మాట్లాడు.”

“మెల్లగానే మాట్లాడ్తాండా కదరా!” అన్నాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

కొన్నేళ్లకు ఆయన పోయాడు. మా నాయనకు ఏడవడానికి కూడా తీరిక లేకపోయింది, ఆ మాట అంతగా పీకలమీదికొచ్చింది. నిజం చెబుదామంటే ఎదురుగా జేజి, అంటే మా నాయనమ్మ, ఉంటుంది. ఆయన పోయినప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడకుండా గోడకానుకుని కూర్చున్న మనిషి. ఆమె ముందు ఆయన తప్పులు ఎట్లా ఎంచడం? ఎంచకపోతే తండ్రికిచ్చిన మాట తప్పినట్టే.

కూడికనాడు మా నాయన చివరికి గొంతు సవరించుకుని లేచాడు. “మా నాయన అబద్ధాలొద్దన్నాడు. ఆయనకు కోపం శానా ఎక్కువ” అని చెప్పి, చెమట తుడుచుకుని కూర్చున్నాడు.

తర్వాత పులివెందుల నుంచి వచ్చిన మా మేనత్త లేచింది. “నా పెండ్లిలో అన్నం సరిగ్గా ఉడకలేదని మా నాయన మా మామ మొగం మీదే అనేసినాడు. మా మామ ఇప్పటికీ నన్ను దెప్పుతానే ఉండాడు.”

నవ్వులు మొదలయ్యాయి. తాను వాక్యం తప్పు చదివితే జేజినాయన కూర్చున్నచోటి నుంచే దిద్దేవాడని పాస్టరుగారు చెప్పారు. మా పక్కింటి సాయిబు జేజి వైపు చూపిస్తూ లేచాడు.

“పొద్దున్నే కాఫీకి ఆయమ్మను పిలిచే పిలుపుకు మా ఇల్లంతా లేస్తాండె. ఇప్పుడు ఆ పిలుపు లేదు, మా పిల్లోళ్లు బడికి లేటుగా పోతాండారు.”

హాలంతా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. హమ్మయ్య, మాట నిలబడిందనుకున్నాను.

అప్పుడు జేజి లేచింది. కూడికల్లో ఆమె నోరు విప్పగా ఎవరూ చూడలేదు. నవ్వులు ఆగిపోయాయి. మా నాయన తల వంచుకున్నాడు.

“ఏంది మీరంతా చెప్తాండేది?” అంది జేజి. “ఆ మనిషి నన్ను ఒక్కనాడు కూడా గొంతు పెంచి పిలిచినోడు కాదు.”

ఎవరూ నవ్వలేదు. అందరికంటే ముందు మా నాయనే “ఆమేన్” అన్నాడు. పక్కింటి సాయిబు “ఆమీన్” అన్నాడు. ఆ వెనకే హాలంతా అంది.