స్తెఫను డాక్టరు పూర్తిచేయని పళ్ళు

పుచ్చిన పంటిని నింపడం మొదలుపెడితే స్తెఫను డాక్టరు ఎప్పటికీ పూర్తిచేసేవాడు కాదు. అంతకు మించి ఆ మనిషికి వంక పెట్టడానికి లేదు. నేను దేశమంతా తిరిగినవాణ్ణి. రాజులు పోయాక సగంలో ఆగిపోయిన గోపురాలు ఎన్నో చూశాను. వాటినైనా ఎవరో ఒకరు పూర్తిచేస్తారేమోగాని, గోదావరిఖనిలో స్తెఫను చెయ్యిపడ్డ పన్ను మీద నాకు ఆశ లేకుండా పోయింది.

వెళ్ళగానే నోరు తెరవమనడు, చొక్కా చెయ్యి మడవమంటాడు. జబ్బకు పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి పిసికి రక్తపోటు చూస్తాడు. బీడీలెన్ని, పచ్చడెంత, మెట్లెక్కితే ఆయాసమొస్తుందా, మీ నాయన ఏ జబ్బుతో పోయాడు అని ఆరా తీస్తాడు. ఆఖరున పంటి గుంటలో లవంగనూనె వాసన కొట్టే మెత్తటి ముద్ద ఒకటి కుక్కి, "వచ్చే ఆదివారం గట్టి సిమెంటు పెడత" అంటాడు. వచ్చే ఆదివారం ఆ ముద్ద తీసి ఇంకో ముద్ద! మొదటి రోజు తప్ప ఫీజు తీసుకోడు గనుక దురాశ అనడానికీ వీల్లేదు. పాపం, చేతకాదనుకున్నాం.

"పన్ను నోట్లున్నది సారూ, చేతికి కడుతవేంది?" అనేవాడు పోశం. గనిలో బొగ్గు నింపే కార్మికుడు. పంతొమ్మిది వందల డెబ్బై రెండు ఎండాకాలంలో అతని దవడ పన్ను పదకొండో ఆదివారానికి చేరింది. "బొగ్గు తీసిన జాగల గోదారి ఇసుక పోసి గని గనే నింపుతున్నం మేము. నీతోని ఒక్క పన్ను నిండుతలేదాయె!"

"గనికి తొందరుంటది. పన్నుకేం తొందర?" అనేవాడు స్తెఫను.

ఆ మధ్య హైదరాబాదు వెళ్ళినప్పుడు స్తెఫను సగంలో ఉంచిన నా పన్ను అక్కడి డాక్టరుకు చూపించాను. "అరగంట పని" అన్నాడు, అన్నట్టే అరగంటలో నింపేశాడు. కోపంగా తిరిగొచ్చి, ఆదివారం పొద్దున్నే స్తెఫను గదిలోకి దూసుకుపోయాను. కుర్చీలో పోశం, పక్కన అతని భార్య లింగవ్వ. నేను సంగతి చెప్పగానే పోశం లేచి నిలబడ్డాడు.

"అరగంటనా! మూడు నెలల సంది తిప్పుతున్నవ్ గద సారూ!"

"కూసో. ముందుగాల చెయ్యి చాపు."

"నేను చాప, పో!"

"జర చాపరాదా. లొల్లెందుకు?" అంది లింగవ్వ.

పట్టీ చుట్టి చూసిన స్తెఫను ముఖం విప్పారింది. "నూటముప్పై ఎనిమిది! మొదటి ఆదివారం నూటతొంభై ఉండె. గుండె మీద వడుతది, పెద్ద దవాఖానకు పో అంటె ఏమన్నవ్?"

పోశం నేలచూపులు చూశాడు. "గుండె పేరెత్తితె అన్‌ఫిట్ రాస్తరు, కొలువు వోతదంటి."

"ఆ రోజే పన్ను నింపితె మల్ల నా గడప తొక్కుతుంటివా? నొయ్యని రోగానికి దవాఖానకు ఎవ్వడు రాడు. పంటినొప్పికైతె ఉరికొస్తరు. వచ్చినోణ్ణి ఎట్ల ఇడువాలె? చెప్పంగ చెప్పంగ ఏడో వారం పెద్ద డాక్టరు దగ్గరికి పోయినవ్. అన్‌ఫిట్ రాసిండా?"

"లేదు. గోళీలిచ్చి, ఉప్పు తగ్గియ్యమన్నడు."

"రెండు కట్టల బీడీలు నాలుగు బీడీలకొచ్చినయ్ సారూ," అంది లింగవ్వ.

"ఐదు," అన్నాడు పోశం గొణుగుతూ. "ఒకటి గోడెనుక."

నా కోపం సగం చల్లారింది. "మరి నా పన్నెందుకు సాగదీశావయ్యా?" అన్నాను.

"నీది నూట అరవై అన్నా. ఆ హైదరాబాదాయన చెయ్యి పట్టి చూసిండా?"

నేను చొక్కా చెయ్యి మడుచుకుని బల్ల మీద కూర్చున్నాను.

ఆ పూట స్తెఫను సరిగ్గా పాతిక నిమిషాల్లో పోశం పంటికి గట్టి సిమెంటు పెట్టేశాడు. "అయిపాయె. ఇంక రాకున్నా నడుస్తది" అన్నాడు.

పోశం కుర్చీలోంచి కదల్లేదు. లింగవ్వ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. అతను నోట్లో వేలు పెట్టి, "సారూ, గీ పక్క పన్నుకు గూడ గుంట వడ్డట్టున్నది" అన్నాడు.

స్తెఫను ఆ పంటిని చాలాసేపు పరిశీలించాడు. నేనూ తొంగిచూశాను. రాయిలాంటి పన్ను.

"చానా పెద్ద గుంట," అన్నాడు డాక్టరు. "మూడు నెలలన్న వడుతది."