దసరా తర్వాత మొరాయించిన బండి

సర్వీసు ఇంజనీరుగా నేను రిటైరవడానికి ముందటి ఏడు, దసరా వెళ్ళిన వారానికి, శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గరి ఒక గోదాము నుంచి పిలుపు వచ్చింది. ఎత్తయిన అరల్లోకి సరుకు ఎక్కించే బ్యాటరీ బండి ఒకటి పొద్దున పూట నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది. ఎండెక్కాక దానంతటదే బాగవుతోంది.

మేనేజరు అప్పటికే తీర్పు చెప్పేశాడు. డ్రైవరు నర్సింహులు పని ఎగ్గొట్టడానికి ఏదో మెలిక పెడుతున్నాడట. సాయంత్రంలోగా బండిలో లోపం తేలకపోతే అతణ్ణి మాన్పించేస్తానన్నాడు. యంత్రం మూత తెరవకముందే మనిషిని తప్పుపట్టేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట.

బండికి ఏమైనా చేశారా అని నర్సింహులును అడిగాను.

"నేనేం చేయలే సార్. నా బండిని నేనెందుకు ఖరాబ్ చేసుకుంట?" అన్నాడు.

చార్జింగు నిండుగా ఉంది. వైర్లు, కనెక్టరు బాగున్నాయి. కంట్రోలరు తెర మీద మాత్రం కరెంటు లీకవుతోందన్న హెచ్చరిక కనబడింది. కారులో మాదిరి కాదు, ఈ బండ్లలో బ్యాటరీ ప్లస్సుకు గానీ మైనస్సుకు గానీ ఇనుప బాడీతో సంబంధం ఉండకూడదు. ఉంటే ప్రమాదమని కంట్రోలరు బండిని ఆపేస్తుంది. మీటరు ఒక వైరు ప్లస్సుకు, రెండోది బాడీకి ఆనించాను. సున్నా దగ్గర ఉండాల్సిన చోట గట్టి వోల్టేజీ చూపింది.

బ్యాటరీ మూత ఎత్తాను. సెల్‌ల మీద జిగట, కుంకుమ, అంచు వెంబడి చీమల బారు.

పండగ ఎలా చేశారని అడిగాను.

"మంచిగ చేసినం సార్. బండ్లు కడిగినం, బొట్లు పెట్టినం. బండికి బ్యాటరీనే పానం అని మూత తీపిచ్చి, మేనేజర్ సారే దాని మీద కొబ్బరికాయ కొట్టిండు."

కొబ్బరినీళ్ళు ఆరి పొరకట్టాయి. పొద్దుటి చెమ్మకు ఆ పొర తడిసి కరెంటుకు దారి ఇస్తోంది, ఎండెక్కాక ఆరిపోతోంది. కడిగే ముందు మేనేజరును పిలిచి చూపించాను. ఆయన వంగి చీమల బారు చూశాడు.

"ఇగ పని చూసుకో పో" అన్నాడు నర్సింహులుతో.

వంటసోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టాక మీటరు సున్నాకి దిగింది.

బండికి ఏం చేశారని అడిగితే ఎవరైనా ఏమీ చేయలేదనే అంటారు. అది అబద్ధం కాదు, పూజను ఎవరూ బండికి చేసిన పనుల్లో లెక్కవేయరు. ఆ తర్వాత సర్వీసులో ఉన్నన్నాళ్ళూ, పండగలు వెళ్ళాక పిలుపు వస్తే, ముందు పండగ ఎలా జరిగిందని అడిగేవాణ్ణి. కొబ్బరికాయ ఎవరు కొట్టారని కూడా.