మునగాకు మూట

ఆగస్టు పదకొండు, సోమవారం, ఉదయం ఏడుంబావుకు మా వదిన గోపాల్‌పేట బస్సు దిగి, మునగాకు మూటతో వనపర్తిలోని మా గడప తొక్కింది. అనర్థం అప్పుడు మొదలైంది.

నా తొమ్మిదేళ్ల మనుమరాలికి గుండె కవాటం మార్చి ఆనాటికి పద్దెనిమిది రోజులు. కీళ్లజ్వరం పాడుచేసిన కవాటం తీసేసి, హైదరాబాదులో కృత్రిమ కవాటం పెట్టారు. దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఒక గోళీ. ప్రతి సోమవారం రక్తపరీక్ష. ఆకుకూర పాళ్లు పెరిగితే గోళీ పనిచేయదని డాక్టరు మూడుసార్లు చెప్పాడు. తల్లిదండ్రులు గద్వాలలో మగ్గం మీద ఉంటారు కాబట్టి బాధ్యత నాది.

వదిన పిల్ల కనురెప్ప కిందికి లాగింది.

"ఓయమ్మో, సున్నం లెక్క తెల్లగుంది. నెత్తురేది వదినా దీనికి?"

"ఆకుకూర ఎక్కువ పెట్టొద్దన్నడు డాక్టరు."

"మునగాకు తిననోడు పాలమూర్ల ఎవడన్న బతికిండా? గాయనకేం తెల్సు!"

ఆమెను చూసి వీధి వీధంతా నేర్చుకుంది. పరామర్శకు వట్టి చేతులతో రాకూడదట. తోటకూర, పాలకూర, పొన్నగంటి కట్టలు కట్టలుగా వచ్చాయి. వదిన రోజూ వండి పిల్లకు పెట్టేది. గొర్రెల మంద అందామంటే, గొర్రెలు కనీసం ఆకు తామే తింటాయి.

పద్దెనిమిదిన పరీక్షకు బయల్దేరితే వదిన అడ్డం నిలబడింది.

"లేని నెత్తురు ఇంకా తీపిస్తవా? నీది గుండెనా, బండనా?"

చుట్టూ నలుగురు ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు. వెనక్కి వచ్చి చెప్పులు విడిచాను. ఇరవై అయిదున, సెప్టెంబరు ఒకటిన అసలు చెప్పులే తొడగలేదు. మందకు జంకిన దాన్ని ఏమనాలో నాకు తెలుసు.

సెప్టెంబరు మూడు, ఉదయం ఆరూ నలభైకి పిల్ల చేతిలోంచి దువ్వెన జారింది. మూతి పక్కకు పోయింది.

కవాటం మీద రక్తం గడ్డకట్టి, ఒక ముక్క మెదడుకు పోయిందన్నాడు హైదరాబాదు డాక్టరు. నా నోటుబుక్కు చూపించాను. ప్రతి గోళీకీ తేదీ, గంట ఉన్నాయి.

"పిల్ల ఏం తిన్నదో ఎక్కడ రాశారమ్మా?"

ఎక్కడా రాయలేదు.

వదిన దవాఖానకూ వచ్చింది. "దాని రాత గట్లుంది వదినా," అంది. ఈసారి మూటలో బత్తాయిలు.

మునగాకు మూట వచ్చాక వేసిన గోళీలు ఇరవై మూడు. ఎగ్గొట్టిన పరీక్షలు మూడు. ప్రాణం దక్కింది. పోయినవి: కుడిచేతి పట్టు, నాలుగో తరగతి, "అవ్వా" అన్న పిలుపులో మొదటి అక్షరం.