పట్టాలు పీకిన దారి

బస్సు హారన్ వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట పలమనేరు బస్సులో ఒకామె అంటించింది.

పక్క సీట్లో కూర్చున్న ఆమెకు ఫోనులో ఫొటోలు చూపిస్తున్నాను. ఫ్రాన్సులో ఒక ఏటి పక్కన, బండీ లారీ రాని దారిలో నేను సైకిలు తొక్కినప్పటివి.

"ఈ దారికి ఎవురి సేను తీసుకున్నారు?" అని అడిగింది.

"ఎవరిదీ కాదక్కా. పాత రైలు పట్టాలు పీకేసి సైకిళ్లకు ఇచ్చారు."

"సైకిళ్లకా!" ఆమె గొంతు పెరిగింది. కిటికీలోంచి కొత్త హైవే కంచె చూపించింది. "ఈడ సూడు. మా సేను నడిమద్దిన ఏసినారు. ఇల్లు ఈ పక్క, బావి ఆ పక్క. సైకిలు దాని మిందికి రాకూడదంట. మా ఆయన పాలక్యాను కట్టుకోని, ఈ పాత రోడ్డు మింద లారీల మద్దిన సుట్టూ తిరిగి వస్తాడు."

అంతలో మా డ్రైవరు చెవులు పగిలేలా హారన్ కొట్టాడు. ముందు సైకిలు మీద పోతున్న ముసలాయన బెదిరిపోయి రోడ్డు దిగాడు.

"సావడానికే వస్తారు," అన్నాడు డ్రైవరు.

ఆమె లేచి నిలబడింది. "రోడ్డుకు సేనిచ్చినోళ్లం అప్పా! ఆ అంచున మట్టన్నా మాకు ఇడిసిపెట్టు!"