అక్క కోసం రెండో బ్యాటరీ

అక్క ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయని వరంగల్ డాక్టర్ చెప్పాక, గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ ఒకటి ఆమె మంచం పక్కకు చేరింది. ముక్కుకు సన్నటి గొట్టం. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా భయం లేదు. కష్టమంతా వాళ్ళ ఊరు కొడకండ్ల నుంచి వరంగల్ పోయి రావడంలోనే.

బావకు పాత వ్యాను ఉంది. కూరగాయలకు, పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పేవాడు. మధ్య సీటు తీసేసి మిషన్ పెట్టి, చిన్న ఇన్వర్టర్ కొని, బండి బ్యాటరీకే తగిలించాడు. నడుస్తున్నంతసేపు ఇబ్బంది రాలేదు. ఒక మధ్యాహ్నం దవాఖాన నుంచి వస్తూ మందుల షాపు దగ్గర ఇంజన్ ఆపి లైన్లో నిలబడ్డాడు. తిరిగి వచ్చేసరికి బండి లేవలేదు.

నాది తొర్రూరులో బ్యాటరీల దుకాణం. ఫోన్ నాకే చేశాడు.

"సెల్ఫ్ కొడ్తె టక్కుమంటాంది గని లేస్తలేదు బామ్మర్ది. మిషన్ గూడ కూత పెడ్తాంది. మీ అక్క పెదవులు నల్లవడ్డయ్."

"ఎవర్నన్న పిలిచి నెట్టియ్యి బావా. రెండో గేర్ల పెట్టి క్లచ్ వదులు."

బస్సు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు వచ్చి నెట్టారు. ఇంజన్ అందుకున్న చప్పుడు ఫోన్‌లోనే విన్నాను. ఆ తర్వాత కూడా చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే ఇన్వర్టర్లకు వాడే పెద్ద బ్యాటరీ ఒకటి తీసుకుని కొడకండ్ల వెళ్ళాను. అక్క గొట్టంతోనే గడప దగ్గరికి వచ్చి కూర్చుంది. వెనక సీటు కింద ఇనుప చట్రంలో బ్యాటరీని కదలకుండా బిగించి, దాని ఆవిరి బండి బయటికి పోయేలా పైపు పెట్టాను. లావు వైరు లాగి, ఫ్యూజు వేసి, రెండు బ్యాటరీల మధ్య రిలే బిగించాను.

"గింత పని ఎందుకు తమ్మీ? ఉన్నది తీసి పెద్దది ఒక్కటే పెడితె అయిపోదా?" అంది అక్క.

"ఎంత పెద్దదైనా మిషన్ తాగుతనే ఉంటదక్కా. ఆఖరికి బండి లేవనీకి మిగలదు. అందుకే బండిది బండికే, నీది నీకే. ఇంజన్ నడుస్తె రెండూ నిండుతయ్. ఆపంగనే ఈ రిలే రెండింటిని ఇడగొడ్తది. ఇగ నీ మిషన్ ఎంత గుంజినా నీ దాంట్లకెళ్లే."

"పుట్టింటోళ్ళు చీర పెడ్తరు. నువ్వు బ్యాటరీ పెట్టినవ్," అని నవ్వింది. నవ్వినందుకు చాలాసేపు దగ్గింది.

ఇంజన్ ఆపి, అన్నాలు తినేదాకా మిషన్ నడిపి చూశాం. అప్పుడు బావ తాళం తిప్పితే బండి ఒక్క దెబ్బకు లేచింది. స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఎండాకాలంలో డాక్టర్, ఇక ఇంత దూరం తీసుకురావద్దని బావను పక్కకు పిలిచి చెప్పాడు. అక్క అడగలేదు. అడగకుండానే తెలుసుకుంది.

"నన్ను ఒకసారి కాళేశ్వరం తీస్కపోర్రి. చిన్నప్పుడెప్పుడో చూసిన గోదారి," అంది ఇంటికి వస్తుంటే.

ముగ్గురం వెళ్ళాం. నీళ్ళకు ఎంత దగ్గరగా పోగలిగితే అంత దగ్గర బండి ఆపి, పక్క తలుపు తీశాడు బావ. గొట్టం మెట్లదాకా అందదు. బావ టిఫిన్ గిన్నెతో నీళ్ళు తెచ్చి ఆమె పాదాల మీద పోశాడు. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు, మళ్ళీ పోశాడు.

"సల్లగున్నయ్," అంది అక్క.

పడవలు అటూ ఇటూ పోతుంటే చూస్తూ కూర్చుంది. కాసేపటికి నా వైపు తిరిగింది.

"ఇంకింతసేపు ఉండొచ్చా తమ్మీ? అయిపోతదా?"

"ఉండొచ్చక్కా. ఇంకా శాన ఉంది."

ఎండ చల్లబడేదాకా ఉన్నాం. బండి వెంటనే లేచింది.

వానలు మొదలైనప్పుడు ఒక పొద్దున అక్క ఇంట్లోనే పోయింది. కరెంటు ఉంది. మిషన్‌కు ఏమీ కాలేదు. నేను వెళ్ళేసరికి కూడా అది నడుస్తూనే ఉంది. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు. నేనే స్విచ్ ఆపాను. ఇల్లంతా నిశ్శబ్దమైంది. అప్పుడు ఏడ్చాడు బావ.

దినాలు అయ్యాక బండి కిరాయికి తిరగాలి కాబట్టి, "అవన్ని తీసి సీటు బిగియ్యి," అని తనే అన్నాడు. నేను వైర్లు విప్పుతుంటే అక్కడ ఉండలేక పొలం దిక్కు వెళ్ళిపోయాడు. ఆ బ్యాటరీని దుకాణంలో అమ్మకానికి పెట్టలేదు. మా ఇంటి ఇన్వర్టర్‌కు కలిపాను.

ఇప్పుడు కూరగాయలు దింపడానికి తొర్రూరు వచ్చినప్పుడల్లా బావ దుకాణం ముందు బండి ఆపుతాడు.

"బ్యాటరీ జర సూడు బామ్మర్ది. డల్లయినట్టు కొడ్తాంది."

మీటరు పెట్టి చూస్తాను. బాగానే ఉంటుంది. ఆ మాట చెప్పి చాయ్ తెప్పిస్తాను. ఇద్దరం తాగుతాం. అక్క మాట ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. గ్లాసు కింద పెట్టి, "పోయొస్త మరి," అని లేస్తాడు.